పదకొండో మెట్టు

ఉమ్మనీరు తగ్గిందన్నారు.
నలభై ఒక్క వారాలు, మీద మూడు దినాలు.
ఇంక కాచుకోవద్దు, మేమే నొప్పులు తెప్పిస్తాం, అనింది డాక్టరమ్మ,
కరెంటు పోయిన ఇంటికి జనరేటరు తెప్పిస్తామన్నంత తేలిగ్గా.

కాగితాలు మూడు. రెండు ఇంగ్లీషు, ఒకటి కన్నడం.
"గండన సహి" అని వేలు పెట్టి చూపింది సిస్టరు.
ఈ ఊర్లో మొగుణ్ణి గండ అంటారని
పదేండ్లుగా తెలుసు నాకు.
తెలిసీ పెన్ను ఆగింది.
లిఫ్టు గుంతలోకి దిగేటప్పుడు కూడా ఇట్లాంటివి పెట్టుంటాను,
ప్రాణానికి కంపెనీ పూచీ లేదని.
అప్పుడు ప్రాణం నాది.

రాత్రి పదికి మందు పెట్టినారు.
పన్నెండుకి ఏమీ లేదు. రెండుకి ఏమీ లేదు.
నాగవేణి గోడవైపు తిరిగి
పక్క మంచం ఆమె అరుపులు వింటా ఉంది,
సూది వేయించుకునే వరసలో
తన వంతు కోసం నిలబడిన బడిపిల్ల మాదిరి.
నాలుగ్గంటలకు లేచి, ఆకలి అనింది.
బాణసవాడి రోడ్డంతా మూసిన షట్టర్లు, వానలో ఆటోలు,
తెరిచింది ఒక్క టీ అంగడి.
తెచ్చిన బన్ను సగం తిని, సగం నాకిచ్చి
"నీకే ముందొచ్చేట్టుంది కాన్పు, మొగం చూసుకో" అని నవ్వింది.
ఆ నవ్వు తర్వాత మళ్ళీ సాయంత్రం దాకా లేదు.

పొద్దున డ్రిప్పు.
నిమిషానికి ఎనిమిది చుక్కలు. అర్ధగంటకు పదహారు.
మలయాళీ సిస్టరు చక్రం తిప్పేది, గడియారం చూసేది.
నేను చుక్కలు లెక్కపెట్టేది.

మా పనిలో ఒక సంగతుంది, ఎక్కేవాళ్ళకు తెలీదు.
లిఫ్టును పైకి లాగేది మోటారొక్కటే కాదు.
గోడ వెనకాల చీకట్లో
ఇనుప దిమ్మెలు కిందికి దిగుతుంటాయి,
డబ్బా బరువుకు సాటిగా.
ఆ దిమ్మెను నేనే అనుకున్నా ఇన్ని నెలలూ.
నీళ్ళ క్యాన్లు మోస్తిని, వాచిన పాదాలు పిసికితిని.
తీరా ఈ పొద్దు చూస్తే
నా పక్కకు తాడే లేదు.

ఇరవై నాలుగు చుక్కల కాడ
ఆమె మాట్లాడటం మానేసింది.
మిషన్ కాగితం మీద గీత లేస్తుంటే
నొప్పి వస్తాందని నాకే ముందు తెలిసేది.
ఆమె మొగానికి చేరేలోపల నాలుగైదు క్షణాలు.
చెప్పాలా? చెప్తే ఏమొస్తుంది?
గీత చూడనట్టు కిటికీ చూసేవాణ్ణి.
నడుముకు పిడికిలి ఆనించి నూకమనింది.
నూకితే, చెయ్యి తియ్ అనింది.
తీస్తే, చెయ్యి యాడ? అనింది.

వాళ్ళమ్మ కదిరి బస్సులో ఫోను మీద ఫోను.
"బాగేపల్లి దాటినా నాయనా. ఏమైనా ఐందా?
ఐతే చెప్పు, కాకపోతే చెప్పొద్దు."

మూడున్నరకు తెర లాగి నన్ను బయటికి పొమ్మన్నారు.
పట్టుకున్న చొక్కా ఆమె వదల్లేదు.
పై గుండీ ఆమె పిడికిట్లోనే పోయింది.

కొంతసేపటికి చేతిలో చీటీ: ఒక ఇంజెక్షను, రెండు దూది చుట్టలు,
కింద ఫార్మసీలో, బేగ బేగ.
లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది.
దాని బ్రేకు కీచుమనేది రాత్రి నుంచీ వింటాండా.
మెట్లు దిగినాను. డబ్బులిచ్చినాను. చిల్లర మరిచినాను.
ఎక్కతా ఎక్కతా, రెండో అంతస్తు దాటి
మూడోదానికి అందకముందే,
పదకొండో మెట్టు మీద,
ఒక ఏడుపు.

ఏ బిడ్డదో. లోపల ఐదుగురున్నారు.
ఐనా కాలు లేవలేదు.
వెనకాల ఎవరో "స్వల్ప జాగ బిడి సార్" అంటాండారు.
పక్కకు జరగడమెట్లనో గుర్తు రాలేదు.

చీకటి పడినాక అత్త వచ్చి, జాతకానికి, టైమెంత నాయనా అనింది.
సిస్టరు పుస్తకంలో నాలుగు నలభై రెండు.
ఆడబిడ్డ. రెండు కిలోల తొమ్మిది వందలు.
అదే చెప్పినాను.
మెట్టు సంగతి చెప్పలేదు.

నాగవేణి నిద్రపోతాంది, పిడికిలి ఇంకా మూసే ఉంది.
గుండీ అడగాలనిపించలేదు.
పొద్దున ఆ లిఫ్టు బ్రేకు సంగతి
వాచ్‌మన్‌కన్నా చెప్పాల.
కిందికి దిగాల్సింది ఇద్దరు.